పిన్ని చూసిందట

పెరంబూరు, చెన్నై
ఆదివారం సాయంత్రం

చి.ల.సౌ. మాధవికి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ, అల్లుడుగారూ, బుజ్జిగాడూ క్షేమమని తలుస్తాను. నువ్వు ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడి "మీటింగుందమ్మా, మళ్లీ చేస్తా" అని పెట్టేస్తుంటే తలుచుకోవడం తప్ప నేను చేసేదేముంది? అందుకే కాగితం తీశాను. ఆవకాయ పార్సెల్‌తో పాటు ఈ ఉత్తరం కూడా పెడుతున్నాను. కొరియర్ అబ్బాయి మంగళవారానికల్లా అందుతుందన్నాడు.

ఈసారి కాయ బాగా పులుపు పట్టింది. జాడీ నీళ్లు తగిలే చోట పెట్టకు. నూనె పైకి తేలేదాకా కలపకు. నందు పరీక్ష రాశాడు, బాగానే రాశానంటున్నాడు. కుమారి వాళ్ల అమ్మాయికి తిరుపతి సంబంధం దాదాపు ఖాయమైనట్టే. మేడ మీద ట్యాంకు మళ్లీ కారుతోంది, ప్లంబరు రేపు రేపు అంటూ తిప్పుతున్నాడు. ఇంతకీ నీ కాలి మీద ఆ గడ్డ ఏమిటే?

ఇవన్నీ అయ్యాక నెమ్మదిగా అడుగుదామనుకున్నాను, చెయ్యి ఆగలేదు. శేషు వాళ్ల గృహప్రవేశానికి మీ బెంగళూరు కె.ఆర్.పురం వచ్చినప్పుడు చిట్టి పిన్ని నీ కాళ్లకి పసుపు రాస్తుంటే చూసిందట. ఎడమ కాలికి, చీలమండ పైన, పిక్క పక్కగా, నిమ్మకాయంత. "ఇదేమిటే?" అంటే "ఏం లేదు పిన్నీ, ఎప్పట్నుంచో ఉంది" అని చీర కిందికి లాక్కున్నావట. పిన్ని వారమంతా కడుపులో పెట్టుకుని, నిన్న గుడి దగ్గర కనిపిస్తే చెప్పింది. వెంటనే రమణకి ఫోన్ చేశాను. వాడు నసిగి నసిగి, "ఉసిరికాయంతే ఉంటుంది పెద్దమ్మా, వచ్చే శనివారం మారతహళ్లిలో ఎక్కడో తీయించేసుకుంటుందట, అరగంట పనేనట" అన్నాడు. ఒకరు నిమ్మకాయ అంటారు, ఒకరు ఉసిరికాయ అంటారు. కన్నతల్లికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు.

కాయల లెక్క నాకొద్దు. బుజ్జిగాడి పెన్సిల్ బాక్సులో స్కేలు ఉంటుంది కదా, దానితో కొలువు. పొడుగెంత, వెడల్పెంత, సెంటీమీటర్లలో రాసి పెట్టు. అయిదు సెంటీమీటర్లు దాటిన గడ్డని ఏ డాక్టరూ ఊరికే వదలకూడదు. పెరుగుతున్నదైనా, గట్టిగా లోపలికి ఉన్నదైనా, ఒకసారి తీసేశాక మళ్లీ వచ్చినదైనా అంతే, సైజు చిన్నదైనా సరే. నొప్పి లేదని ధైర్యం తెచ్చుకోకు. నొప్పి లేనంత మాత్రాన మంచిదని కాదు, నొప్పి ఉన్నంత మాత్రాన చెడ్డదనీ కాదు.

భయపెట్టాలని రాయడం లేదు తల్లీ. కాళ్ల మీద, చేతుల మీద వచ్చే గడ్డల్లో నూటికి తొంభై తొమ్మిది మామూలువే. కొవ్వుగడ్డలు, తిత్తులు, దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టినవి. నీదీ అదే అయ్యుంటుంది. ఆ మాట శనివారం కత్తి పట్టుకున్నాక కాదు, అంతకు ముందే తెలియాలి. నా గోలంతా అందుకే.

బుజ్జిగాడికి దగ్గు తగ్గిందా? రాత్రిళ్లు ఫ్యాను నేరుగా తగలనివ్వకు. అల్లుడుగారికి ఆ నైట్ షిఫ్టులు ఇంకెన్నాళ్లు? ఆయనకి ఈ సంగతి తెలుసా అసలు? తెలియకపోతే ఈ ఉత్తరం చదవగానే చెప్పు. మీ అత్తగారికి తెలిస్తే సున్నం, బెల్లం కలిపి పట్టీ వేస్తానంటారు. ఆవిడది పెద్ద మనసే, కాదనను. సెగ్గడ్డలకి మన ఇళ్లలో వేసేవాళ్లమే. నీకిది సెగ్గడ్డ కాదు. పట్టీలు, నూనె మర్దనలు, పుత్తూరు కట్లు ఏవీ వద్దు. కట్టు ఎముక విరిగినప్పటి మాట. ఏమిటో తెలియని గడ్డని నలపకూడదు, పిసకకూడదు. నా పేరు చెప్పి తప్పించుకో, "అమ్మ నర్సు, ఒప్పుకోదు" అను.

ఇక డాక్టరు సంగతి. ఎవరి దగ్గరికి వెళ్తున్నావు? ఆ యాప్‌లో నాలుగున్నర చుక్కలు చూసి బుక్ చేశావని రమణ అన్నాడు. వెయిటింగ్ హాల్లో ఏసీ ఉంటే కూడా జనం చుక్కలు వేస్తారమ్మా. పేరు పక్కన ఏం రాసి ఉందో చూడు. నీకిప్పుడు కావలసింది ఎం.ఎస్. జనరల్ సర్జరీ చదివి, కాస్త పెద్ద ఆస్పత్రిలో పనిచేసే మనిషి. చర్మానికి పట్టుకుని ఉండి, మధ్యలో నల్లటి చుక్క ఉంటేనో, పుట్టుమచ్చ రంగు మారితేనో చర్మం డాక్టరు చూడాలి. చర్మం కింద కదులుతుంటే జనరల్ సర్జన్. కీలుకి అంటుకునో, ఎముకలోంచి వచ్చినట్టో రాయిలా ఉంటే ఆర్థో, ముందు ఎక్స్‌రే. నిలబడితే ఉబ్బి, పడుకుని కాలు ఎత్తితే తగ్గిపోతే అది రక్తం పారే నరం, అప్పుడు వాస్క్యులర్ సర్జన్, నరంలో రక్తం ఎలా పారుతుందో చూసే డాప్లర్ స్కాన్. ఏదీ తెలియకపోతే జనరల్ సర్జన్‌తో మొదలుపెట్టు. మంచి సర్జన్ అయితే తనది కానిది ఎవరిదో తనే చెప్పి చీటీ రాసిస్తాడు.

ఒక్క విషయం మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. పిక్క అంతా ఉన్నట్టుండి వాచి, వేడిగా, ఎర్రగా, పట్టేసినట్టు నొప్పిగా ఉంటే అదే రోజు క్యాజువాలిటీకి వెళ్లాలి. లోపలి నరంలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, అది జారి ఊపిరితిత్తుల్లోకి వెళ్లొచ్చు. నువ్వు పొద్దస్తమానం కుర్చీలో కూర్చునే ఉద్యోగం చేస్తున్నావు కాబట్టి రాస్తున్నాను. పిన్ని చెప్పింది అది కాదులే. అయినా ఒకసారి రెండు పిక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకో.

డాక్టరు ఎలా చూస్తాడో కూడా గమనించు. నేను ఓపీలో ఎందరి పక్కనో నిలబడ్డాను. మంచివాళ్ల చేతులు నాకింకా గుర్తే. కుర్చీలో కూర్చోబెట్టి అంత దూరం నుంచి చూసి "లైపోమా", అంటే కొవ్వుగడ్డ, అనేయరు. మంచం మీద పడుకోమంటారు. వేళ్ల మధ్య చర్మం పట్టుకుని గడ్డ చర్మంతో వస్తుందా, కిందే ఉండిపోతుందా చూస్తారు. తర్వాత కాలు బిగించమంటారు. వదులుగా ఉన్నప్పుడు కదిలిన గడ్డ, కండ బిగిసినప్పుడు కదలకుండా ఆగిపోతే అది కండలోనో, కండకి అంటుకునో ఉందన్నమాట. గజ్జల్లో బిళ్లలు ఉన్నాయేమో తడిమి చూస్తారు. ఎప్పుడు మొదలైంది, పోయిన సంక్రాంతికి ఎంత ఉండేది అని అడుగుతారు. ఫోన్లో ఫోటో పంపితే చాలు అనేవాళ్లని నమ్మకు. వెళ్లేటప్పుడు వదులు ప్యాంటు వేసుకో, ఆ బిగుతు జీన్సు మోకాలి పైకి రాదు.

నీకు మీ రంగ బాబాయి సంగతి పూర్తిగా తెలియదు. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు, చదువు చెడుతుందని మీ నాన్న చెప్పనివ్వలేదు. ఇప్పుడు చెప్పాలి.

బాబాయికి తొడ వెనక గడ్డ వచ్చింది. ఐ.సి.ఎఫ్. రైలు పెట్టెల ఫ్యాక్టరీలో నిలబడి చేసే పని కదా, పట్టేసి ఉంటుందిలే అనుకున్నాడు. జేబులో పర్సు ఒరుసుకుని వచ్చిందని కొన్నాళ్లు పర్సు చొక్కా జేబులోకి మార్చాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, నాన్నకీ చెప్పలేదు, నాకసలే చెప్పలేదు. నాకు చెబితే ఆస్పత్రికి ఈడ్చుకెళ్తానని భయం. కుర్చీలో కూర్చుంటే ఒత్తుకుంటోందని చివరికి ఒక చిన్న నర్సింగ్ హోమ్‌కి వెళ్లాడు. అక్కడి డాక్టరు రెండు వేళ్లతో నొక్కి చూసి కొవ్వుగడ్డ అన్నాడు. స్కాన్ లేదు, సూది పరీక్ష లేదు. ఆ సాయంత్రమే ఆ చోటు వరకే మత్తు ఇచ్చి, అడ్డంగా కోసి తీసేశాడు. బాబాయి ఆటోలో ఇంటికొచ్చి, బస్సు దిగుతూ పడ్డానని పిన్నికి అబద్ధం చెప్పాడు. కట్టు చూసి ఆవిడ అదే నమ్మింది.

తీసిన గడ్డ ఏమైందో తెలుసా? ట్రేలో పెట్టి "చూస్తారా సార్?" అని చూపించి, పారేశారు.

ఆపరేషన్ థియేటర్లో నా పని చాలావరకు అలాంటి గడ్డలతోనే. ఒంట్లోంచి తీసినది ఎంత చిన్నదైనా వెడల్పు మూతి సీసాలో వేస్తాం. మునిగేదాకా ఫార్మలిన్ పోస్తాం. కళ్లు మండుతాయి ఆ వాసనకి. సీసా మీద చీటీ అంటించి పేరు, వయసు, ఓపీ నంబరు, ఏ వైపు, ఏ చోటు, తేదీ రాస్తాం. చీటీ మూత మీద అంటించకూడదు, మూతలు మారిపోతాయి. అది ల్యాబుకి వెళ్తుంది. వాళ్లు దాన్ని మైనం బ్లాకులో పెట్టి, పలచటి పొరలు కోసి, గాజు స్లైడు మీద రంగు వేసి, మైక్రోస్కోప్ కింద చూసి చెబితేనే అది కొవ్వో కాదో తెలిసేది. చేత్తో తడిమి చెప్పేది ఊహే. చిన్న చోట్ల ఆ సీసా పేషెంటు మనుషుల చేతికే ఇచ్చి ల్యాబులో ఇచ్చి రమ్మంటారు. ఖర్చెందుకులే అని కొందరు దారిలోనే వదిలేస్తారు. బాబాయికి సీసా కూడా ఇవ్వలేదు.

ఏడాది తిరక్కుండానే ఆ కోత కిందే మళ్లీ లేచింది. ఈసారి త్వరగా పెరిగింది. అప్పుడు నాకు చెప్పాడు, మన వంటింట్లో నిలబడి, తల వంచుకుని. మర్నాడే అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి తీసుకెళ్లాను. 1954లో ముత్తులక్ష్మీ రెడ్డి గారు పెట్టిన ఆస్పత్రి, దాన్ని ఏళ్ల తరబడి నడిపించిన డాక్టర్ శాంత గారు అప్పటికింకా ఉన్నారు. అక్కడి సర్జన్ కోపపడలేదు, నెమ్మదిగా అడిగారు. "తీసే ముందు స్కాన్ చేశారా? తీసింది పరీక్షకి పంపారా? ఆ బ్లాకులు, స్లైడ్లు ఉన్నాయా?" బాబాయి అన్నిటికీ లేదు అని తల అడ్డంగా ఊపాడు. ఆయన ఎమ్మారై తీయించి, లావు సూదితో ముక్క తీయించారు. కండ, కొవ్వు లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్, సార్కోమా అని తేలింది.

నాకు ఆ పూట సర్జన్ చెప్పినది నువ్వు బాగా చదువు. కాలికి కోత పెడితే నిలువునా పెట్టాలట. రేపు అది క్యాన్సర్ అని తేలితే పాత కోతతో సహా ఒకే ముక్కగా తీసేయాలి కదా. అడ్డంగా కోస్తే అటూ ఇటూ ఎంతో మంచి కండ పోతుంది. ఏమీ తెలియకుండా గడ్డని చిదిమి తీస్తే ఆ కణాలు చుట్టుపక్కల రాలతాయి. సూది గుచ్చే దారి కూడా రేపు ఆపరేషన్ చేసేవాడే నిర్ణయించాలి, ఎందుకంటే ఆ దారినీ తీసేయాల్సి రావచ్చు. అందుకే ముందు స్కాన్, తర్వాత సూది, ఆఖర్న కత్తి. బాబాయికి ఆఖరిది ముందు జరిగింది.

రెండో ఆపరేషన్‌లో తొడ వెనక చాలా తీసేశారు. ఇంకో తొడ మీంచి చర్మం తీసి అంటించారు. తర్వాత అయిదారు వారాలు రోజూ కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు. పిన్ని టిఫిన్ క్యారియర్ పట్టుకుని బాబాయితో కలిసి 29సి బస్సెక్కేది. కాలు దక్కింది, మనిషి దక్కాడు. నువ్వు చూసే ఆ కుంటు బస్సు ప్రమాదం వల్ల వచ్చింది కాదు. ఇప్పటికీ చెకప్‌కి వెళ్తాడు. కాలు బాగానే ఉన్నా ఛాతీకి కూడా పరీక్ష చేస్తారు, ఆ జబ్బు పాకితే ముందు ఊపిరితిత్తులకే వెళ్తుందని.

ఆ నర్సింగ్ హోమ్‌లోనూ వెయిటింగ్ హాల్లో ఏసీ ఉండేది.

నీకు అలా అవుతుందని కాదు, శివుడి సాక్షిగా కాదు. నువ్వూ బాబాయిలాగే ఎవరికీ చెప్పకుండా శనివారం సాయంత్రం వెళ్లి వచ్చేద్దామనుకున్నావే, అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

మొన్న మన వీధిలో ఆటో వెనక ఒక ప్రకటన చూశాను. "కోత లేదు, కుట్టు లేదు, కొవ్వుగడ్డలు మాయం" అని. ఇంజెక్షన్‌తో కరిగిస్తారట, గొట్టంతో లాగేస్తారట. మీ ఊళ్లో ఇంకా ఎక్కువ ఉంటాయి అలాంటివి. కరిగించి పీల్చేశాక ల్యాబుకి పంపడానికి ఏం మిగులుతుంది? ఏమిటో తేలని గడ్డకి అవి అసలు వద్దు. మచ్చ పడుతుందని దిగులు పడకు, మచ్చదేముంది, చీర కప్పుతుంది.

కాబట్టి ఇలా చెయ్యి. శనివారం అపాయింట్‌మెంట్ రద్దు చెయ్యి. కోరమంగలలో సెయింట్ జాన్స్ ఉంది, మెడికల్ కాలేజీ ఆస్పత్రి, సర్జరీ ఓపీకి వెళ్లు. అక్కడ పొద్దున్నే వెళ్లాలి. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో పడితే ఓపీ చీటీలు అయిపోతాయి. ముందు అల్ట్రాసౌండ్ రాస్తారు. అది పైపైన ఉన్న కొవ్వుగడ్డ అని తేలి, చిన్నదై, పెరగకుండా ఉంటే ఉంచుకున్నా పర్వాలేదు, తీయించుకున్నా పర్వాలేదు. అప్పుడు ఏ మంచి సర్జన్ తీసినా నాకు అభ్యంతరం లేదు, సీసా మాత్రం ల్యాబుకి వెళ్లాలి. స్కాన్‌లో ఏమాత్రం అనుమానం రాసినా, లోతుగా ఉందన్నా, ఎమ్మారై తీయించుకుని నేరుగా హోసూర్ రోడ్డులో కిద్వాయ్‌కి వెళ్లు. 1973 నుంచీ ఉన్న క్యాన్సర్ ఆస్పత్రి, నిమ్హాన్స్ ఆస్పత్రి పక్కనే. అలాంటి చోట సర్జన్, స్కాన్ చదివే డాక్టరు, స్లైడు చూసే డాక్టరు కలిసి మాట్లాడుకుంటారు. ప్రైవేటుకే వెళ్తానంటే ఎం.సీహెచ్. సర్జికల్ ఆంకాలజీ, అంటే క్యాన్సర్ ఆపరేషన్ల పై చదువు, ఉన్నవాళ్లనో, ఎముకలు, కండల కణితులే చూసే ఆర్థో వాళ్లనో వెతుకు. "ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు?" అని అడుగు. అడిగితే ఏమనుకుంటారోనని సిగ్గుపడకు, మంచివాళ్లు ఏమీ అనుకోరు. గుమ్మం మీద క్యాన్సర్ అని రాసి ఉందని లోపలికి వెళ్లడానికి భయపడకు. లోపలికి వెళ్లిన వాళ్లలో చాలామంది "మీకేం లేదు, ఇంటికి వెళ్లండి" అని చెప్పించుకుని వస్తారు. నా కళ్లతో చూశాను.

సూది గుచ్చితే పాకుతుందని మీ ఆఫీసులో ఎవరైనా అంటే పట్టించుకోకు. సరైన చోట, సరైన చేతితో గుచ్చితే పాకే భయం దాదాపు లేదు. సూదికి భయపడి వాయిదా వేసినవాళ్లే ఎక్కువ నష్టపోయారు. సన్నసూదితో కణాలే వస్తాయి, లావుసూదితో ముక్క వస్తుంది. కండ గడ్డలకి ముక్క ఉంటేనే సరిగ్గా తెలుస్తుంది. ఏది చేస్తున్నారో అడిగి తెలుసుకో.

కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టు, నీ బ్యాగులో చిత్తు కాగితాలతో కలపకు. స్కాన్ రిపోర్టుతో పాటు ఫిలిము, సీడీ కూడా అడిగి తీసుకో. మందులేమైనా వాడుతుంటే రాసి పెట్టు, ముఖ్యంగా రక్తం పలచబడేవి. నీ ఆఫీసు ఇన్సూరెన్స్ కార్డు ఎక్కడుందో ముందే చూసుకో. డబ్బు సంగతి అల్లుడుగారితో మాట్లాడు. తక్కువైతే నా దగ్గర ఎఫ్.డీ. ఉంది, అది దేనికనుకున్నావు? పొద్దున్న ఏమీ తినకుండా ఓపీకి వెళ్లకు, రెండు ఇడ్లీలు తిని వెళ్లు. తినొద్దని వాళ్లు చెబితేనే మానెయ్యి.

నాన్న ఉంటే ఈపాటికి నీ గుమ్మంలో ఉండేవారు. నేను గురువారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీసుకున్నాను. స్టేషన్‌కి ఎవరూ రావద్దు, కె.ఆర్.పురంలో దిగి ఆటోలో వచ్చేస్తాను. శుక్రవారం ఓపీకి నేనూ వస్తాను. లోపల మాట్లాడను, నువ్వే మాట్లాడు, నేను పక్కన నిలబడతాను. డాక్టరు అడగడం మరిచిపోయినవి ఉంటే మాత్రం అడుగుతాను. బుజ్జిగాడిని స్కూలు నుంచి అల్లుడుగారు తెస్తారు కదా? కుదరకపోతే శేషు వాళ్లావిడతో నేను మాట్లాడతాను.

ఉత్తరం అందగానే కొలతలు పంపు. ఎన్నాళ్లుగా ఉందో, పెరిగిందో లేదో, నిజం రాయి. దాంతో పాటే శనివారం అపాయింట్‌మెంట్ రద్దయినట్టు వచ్చే మెసేజ్ కూడా నాకు పంపు. "చేసేశానమ్మా" అంటే కుదరదు, మెసేజే కావాలి.

ఇట్లు,
మీ అమ్మ